ఉత్తుత్తి జైలులో అసలు నెత్తురు

లాకప్ ఊచల ఇవతల కుర్చీ వేసుకుని కృపారాణి అడగాల్సినవన్నీ అడిగింది. అవతల నేలమీద గొంతుక్కూర్చున్న మొగిలి అన్నిటికీ కలిపి ఒక్క జవాబే చెప్పాడు.

"నేను చెయ్యలే మేడం."

చెయ్యకపోతే నిన్న మధ్యాహ్నం ఎక్కడున్నావని అడిగితే నీళ్లు నమిలాడు. అన్నం ఎక్కడ తిన్నావంటే తల దించుకున్నాడు. చెట్టంత మనిషి కూడా కాదు, ఎండిన జొన్నకర్రలా ఉంటాడు, ఆ ఉన్న కాస్త మనిషీ ఇంకా ముడుచుకుపోయాడు. కృపారాణికి ఒళ్లు మండింది. ఇరవై రెండేళ్లు ఆడవాళ్ల జైలులో పనిచేసి, డిప్యూటీ జైలర్‌గా బయటికొచ్చి, తార్నాకలో ఓ టిఫిన్ సెంటర్ మీది గదికి డిటెక్టివ్ బోర్డు తగిలించిన మనిషి ఆమె. అబద్ధాలకోరులతో ఆమెకు ఏ ఇబ్బందీ లేదు. వాళ్లను మాట్లాడించుకుంటూ పోతే చాలు, వాళ్లే దొరికిపోతారు. పెదవి విప్పని వాళ్లతోనే చిక్కంతా.

పైగా టైము లేదు. సాయంత్రంలోగా ఇతన్ని మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి, నిలబెడితే రిమాండు ఖాయం. కాలి పట్టీల కోసం ఒక ముసలమ్మను చంపాడని, చెయ్యని హత్యకు తొమ్మిదేళ్లు లోపలుండి, హైకోర్టు నిర్దోషి అని వదిలిపెడితే బయటికొచ్చి ఇంకా ఏడాది నిండని మనిషి మళ్లీ అదే గేటు లోపలికి పోతాడు. ఈసారి పోతే బతకడని కృపారాణి భయం. రెండోసారి లోపలికొచ్చిన వాళ్లు మాటలు మానేసి, తర్వాత అన్నం మానేయడం ఆమె కళ్లారా చూసింది.

జరిగింది వినడానికి సాదాగానే ఉంది. జ్యోతిర్మయి యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. పోలీసులు కేసులు ఎలా కడతారు, నేరం రుజువు కాకుండానే జనం జైళ్లలో ఏళ్లకేళ్లు ఎందుకు మగ్గుతారు అన్నది ఆమె పరిశోధన. మొగిలి ఆమెకు తన కథ చెబుతున్నాడు, ఆమె రికార్డు చేసుకుంటోంది. విద్యార్థులకు చూపడానికి డిపార్ట్‌మెంటు పై అంతస్తులో ఒక మాదిరి జైలుగది కూడా కట్టించింది. ఎక్కడ ఏముండాలో చెప్పింది మొగిలే. నిన్న మూడింటప్పుడు మెట్ల దగ్గరి కెమెరాలో జ్యోతిర్మయి పైకి వెళ్లడం కనిపించింది. ఆమె వెనక గళ్ల చొక్కా, టోపీ, ముఖానికి దస్తీ కట్టుకున్న మగమనిషి, పైనుంచి మసకగా. కాసేపటికి ఆ మనిషి ఒక్కడే ఆమె బ్యాగు పట్టుకుని దిగాడు. చీకటి పడ్డాక ఆమె గైడు సూర్యనారాయణ పైకి వెళ్లి చూస్తే మాదిరి జైలుగదికి తాళం వేసి ఉంది. లోపల నెత్తురు, పగిలిన ఫోను. అమ్మాయి మాత్రం లేదు. రాత్రి తార్నాక చౌరస్తాలో మొగిలిని అరెస్టు చేశామని పోలీసులు చెప్పారు. ఒంటిమీది గళ్ల చొక్కా నెత్తుటి మరకలతో సహా దొరికిందట.

సూర్యనారాయణ తెల్లవారుజామునే కృపారాణి తలుపు తట్టాడు. పెళ్లికాని ప్రొఫెసరు, శిష్యులే పిల్లలు. రాత్రంతా ఏడ్చినట్టున్నాడు. పిల్లను వెతకండి, మొగిలి ఈ పని చెయ్యడు అన్నాడు.

"ఇంకా ఏమన్న అడిగేదున్నదా మేడం?" వెనకనుంచి ఇన్‌స్పెక్టర్ నరేందర్ గొంతు వినిపించింది.

నరేందర్‌కు కృపారాణి అంటే మొదటినుంచీ గిట్టదు. పట్టుకునేది మేము, అన్నం పెట్టేది మీరు, పట్టుకునే పని మీకెందుకు అని ఓసారి నలుగురిలో అన్నాడు. అన్నం పెట్టేటప్పుడే తెలుస్తుంది ఎవర్ని తప్పుగా పట్టుకొచ్చారో అని ఆమె అంతకు రెండింతలుగా తిప్పికొట్టింది. అప్పటినుంచీ ఇద్దరికీ చుక్కెదురు.

"ఆ చొక్కా చూడొచ్చా?"

"సీలు పడ్డది. ఫోటో చూడున్రి." అతను ఫోను ముందుకు చాపాడు. ఎర్ర, నల్ల గళ్ల చొక్కా. పొట్ట దగ్గర బారెడు మరక. పై నుంచి నాలుగో గుండీ లేదు. లోపలివైపు తీసిన ఫోటో కూడా ఉంది, మరక అటువైపుకూ ఇంకింది.

కృపారాణి ఫోటో చూసి మొగిలి వైపు చూసింది. ఒంటిమీద తెల్ల బనీను, దానిమీద ఎప్పటివో పెయింటు చుక్కలు. ఆమె ఇంకేదో అడగబోతుంటే ఏఎస్సై పరుశురాం టీ పట్టుకొచ్చాడు. బొజ్జ బల్లకు తగలకుండా పక్కకు తిరిగి గ్లాసు పెట్టి, చక్కెర తక్కువేయించిన మేడం అన్నాడు. మొగిలికీ ఒక గ్లాసు ఊచల్లోంచి అందించాడు. ఆ స్టేషన్‌లో మర్యాద తెలిసినవాడు ఇతనొక్కడే అనుకుంది కృపారాణి. మొగిలి ఆ టీ తాగలేదు. ముందర పెట్టుకుని చూస్తూ ఉండిపోయాడు.

గది చూపించమని అడిగితే నరేందర్ కాదనలేదు. తను గెలిచిన ఆటను ఇంకొకరికి చూపించడం అతనికి సరదా.

క్యాంపస్‌లో డిపార్ట్‌మెంటు పై అంతస్తు చివర ఆ గది. ముందు నిజం ఇనుప ఊచలు, నిజం గేటు, నిజం తాళం. పాత సామానుల దుకాణంలో కొన్నారట. మిగతా మూడు వైపులా బూడిదరంగు గోడలు, అక్కడక్కడ పెచ్చులూడినట్టు, గీతలు గీసినట్టు. కృపారాణి ఒక్క క్షణం తన పాత ఉద్యోగంలోకి వెళ్లిపోయి తేరుకుంది. కట్టినవాడికి లోపలి సంగతి ఎంత బాగా తెలుసో.

గేటు దగ్గర నెత్తురు ఎండి నల్లబడింది. ఊచకు ఒకచోట వెంట్రుకలు అంటుకున్నాయి. తల ఊచకు కొట్టుకుందన్నమాట. మరక చూస్తే గాయం చిన్నది కాదుగానీ ప్రాణం తీసేంతదీ కాదు. ఆమె మోకాళ్లమీద వంగి గేటు కింది సందులో వేలు పెట్టి తడిమింది. గుండీ ఒకటి చేతికొచ్చింది. దారంతో పాటు చిన్న గుడ్డపీలిక కూడా ఊడొచ్చింది.

"ఇంకేం గావాలె," అన్నాడు నరేందర్. "చొక్కాకు లేని గుండీ గిదే. రాత్రి మావోళ్లు ఎట్ల చూడలేదో ఏమో."

కృపారాణి గుండీని కాగితంలో మడిచి అతనికే ఇచ్చింది. అది పొట్ట దగ్గరి గుండీ. చేత్తో పట్టి లాగితే దారం తెగుతుంది. గుడ్డ కూడా చిరిగి ఊడాలంటే లోపలినుంచి బలం పడాలి, మనిషి వంగినప్పుడు చొక్కా చాలక పిగిలిపోవాలి. ఆ మాట పైకి అనలేదు. ఇంకా ఒడ్డు కనబడని ఆలోచనలను నరేందర్ ముందు పెట్టి నవ్వులపాలయ్యే ఉద్దేశం ఆమెకు లేదు.

నరేందర్ లెక్క ప్రకారం మొగిలి అమ్మాయిని చంపి, బ్యాగు పట్టుకుని ముందు మెట్ల మీదుగా దిగి, మళ్లీ కెమెరా లేని వెనక మెట్లెక్కి వచ్చి శవాన్ని మోసుకుపోయి, గదికి తాళం పెట్టాడు. ఇంత కష్టపడి శవాన్ని దాచినవాడు నెత్తుటి చొక్కాతో రాత్రి దాకా చౌరస్తాలో ఎందుకు నిలబడ్డాడంటే, ఈ జైలు పక్షుల తీరే అంత అన్నాడు.

కృపారాణి అతని చేతిలోని లాఠీ అడిగి తీసుకుంది. జైలులో సాయంత్రం తాళాలు పడ్డాక ఒక తంతు ఉంటుంది. వార్డరు ప్రతి ఊచనూ కర్రతో కొట్టుకుంటూ పోతాడు, గోడల్నీ కొడతాడు. మంచి ఊచ ఖంగుమంటుంది. ఎవడైనా రంపం పెట్టి ఉంటే మూగగా పలుకుతుంది. గోడకు కన్నం వేసినా చప్పుడు పట్టిచ్చేస్తుంది. ఉద్యోగం వదిలినా ఆమెకు ఆ అలవాటు వదల్లేదు. ఊచలన్నీ కొట్టింది, ఖంగుమన్నాయి. పక్కగోడలు కొట్టింది. వెనకగోడ కొట్టేసరికి డబడబమంది.

"గోడ కాదిది," అంది. "ప్లైవుడ్ చెక్క. రంగేసిన్రు."

అరచేత్తో నెడితే కింది భాగం తలుపులా వెనక్కి లేచింది. మేకులు నాలుగూ బయటివైపుకు వంగి ఉన్నాయి. చెక్కమీద లోపలివైపు, నడుమెత్తున, ఎండిన నెత్తుటి అరచేతులు రెండు. బయటికి దూరి చూస్తే వెనక వరండా. చెక్క అంచుకు అటువైపునుంచి పట్టుకుని మళ్లీ దగ్గరికి లాక్కున్నట్టు నాలుగు వేళ్ల గుర్తులు. సన్నటి ఆడవేళ్లు.

"శవాన్ని గిట్లనే బయటికి గుంజిండు," అన్నాడు నరేందర్. కానీ గొంతులో మునుపటి పట్టు లేదు.

"శవం లోపలినుంచి చెక్క నెట్టదు ఇన్‌స్పెక్టర్ గారూ. బయటికి పోయినంక గోడ మూసి కూడా పోదు. ఆమె కట్టించిన గోడ, ఎక్కడ నెడితే ఊడుతదో ఆమెకు తెలుసు. గేటుకు తాళమేసి వాడు పోయిండు, ఈమె వెనకనుంచి నడుచుకుంటపోయింది. బతికే ఉన్నది."

నరేందర్ వంగి ఆ వేళ్ల గుర్తుల్ని చూశాడు. తర్వాత టోపీ తీసి వరండా గోడమీద పెట్టి అక్కడే కూలబడ్డాడు. పొద్దున మార్చురీకి పోయి వచ్చానని, ఎవరో అనాథ శవం జ్యోతిర్మయి వయసుదేనంటే గుడ్డ తీసి చూసి వచ్చానని మెల్లగా చెప్పాడు. కృపారాణికి అతనిమీద మొదటిసారి కోపం తగ్గింది. ఆమెకూ గుండెల మీది బండ సగం దిగింది. సూర్యనారాయణకు ఫోను చేసి, పిల్ల బతికే ఉందండీ అంటే అవతల ఆయన ఎక్కడ, ఎక్కడని రెండుసార్లు అడిగాడు.

సగమే దిగింది. నరేందర్ లేచి టోపీ పెట్టుకుని, బతికుంటే మంచిదే కానీ కొట్టినవాడు కొట్టినవాడే, మొగిలిని ఇవాళ కోర్టులో పెట్టేది పెట్టేదే అన్నాడు. ఆస్పత్రులన్నీ గాలిస్తానని జీపెక్కాడు.

కృపారాణి ఆస్పత్రులకు పోలేదు. తలకు కట్టు కట్టించుకున్న అమ్మాయి ఆస్పత్రిలో పేరు చెబితే రాత్రే తెలిసి ఉండేది. ఇంటికి పోలేదు, హాస్టలుకు పోలేదు. స్నేహితురాలు స్వరూప తార్నాక సందులో గది అద్దెకు తీసుకుని ఉంటుందని సూర్యనారాయణ చెప్పాడు. పోలీసులు పొద్దునే గడపలోంచి రెండు ప్రశ్నలు అడిగి వెళ్లిపోయారట.

స్వరూప మర్యాదగా కూర్చోబెట్టింది, మంచినీళ్లిచ్చింది. జ్యోతీ తనూ డిగ్రీ నుంచీ కలిసి చదివారని, నిన్న మధ్యాహ్నం తర్వాత చూడలేదని, ఫోను కలవడం లేదని ఎక్కడా తడబడకుండా చెప్పింది. కృపారాణి ఓపిగ్గా అన్నీ విని గ్లాసు కింద పెట్టింది.

"మంచిగ చెప్పినవు బిడ్డా. కానీ నేనొచ్చి ఇంతసేపాయె, జ్యోతి జాడ తెలిసిందా మేడం అని ఒక్కసారి గూడ అడగలే నువ్వు. జైలు గేటు కాడ చూసిన నేను. సొంత మనిషి కోసమొచ్చినోళ్లు కుర్చీల కూసోకముందే అదే అడుగుతరు."

స్వరూప ముఖం పాలిపోయింది. ఏదో అనబోయింది కానీ అప్పటికే వంటగది తలుపు తెరుచుకుంది. నుదుటిమీద దూది, దానిమీద అడ్డదిడ్డంగా అంటించిన ప్లాస్టరు, కళ్లు ఉబ్బిపోయిన ఓ అమ్మాయి గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆ క్షణాన కృపారాణికి లేచి ఆ పిల్లను దగ్గరికి తీసుకోవాలనిపించింది. లేచి తీసుకుంది కూడా. డిటెక్టివులు అలాంటివి చెయ్యకూడదని ఎవరైనా అంటే అనుకోనీ.

జ్యోతిర్మయి చెప్పింది అంతా ఒకేసారి రాలేదు, ఏడుపు మధ్యలో ముక్కలుముక్కలుగా వచ్చింది. నిన్న మూడింటికి మొగిలిని రమ్మంది. మెట్ల కింద చీకట్లో నిలబడి ఉన్నాడు, పెయింటు వాసన పడదని ఎప్పుడూ కట్టే దస్తీ ముఖానికి ఉంది. రా అన్నా అని పైకి నడిచింది. గదిలోకి అడుగుపెట్టగానే బ్యాగు గుంజాడు. అందులో రికార్డరు ఉంది. ఆమె వదల్లేదు, పెనుగులాడింది, తల ఊచకు కొట్టుకుని కళ్లు తిరిగాయి. తెలివొచ్చేసరికి గేటుకు తాళం. ఒక్క మాట కూడా మాట్లాడలేదు ఆ మనిషి.

మరి పోలీసుల దగ్గరికి ఎందుకు పోలేదని కృపారాణి అడిగింది.

"నేను కంప్లెయింట్ ఇస్తే మొగిలన్న మళ్ల లోపలికి పోతడు మేడం. బయటికొచ్చినోళ్లను మళ్ల లోపలికి ఎట్ల నూకుతరో మూడేండ్ల నుంచి అదే రాస్తున్న నేను. ఆయన ఎందుకు చేసిండో తెల్వదు. తెలిసేదాక నా చేతుల మీద ఆయనను పంపొద్దనుకున్న. అరెస్టు చేసిన్రని ఇప్పుడే స్వరూప చెప్పింది. పోదామంటే ఇది పోనిస్తలేదు."

పోతే ఏం చెప్తవే, కొట్టిండనే చెప్తవు గదా అని స్వరూప గొణిగింది. అక్కడే ఆగిపోయారు ఇద్దరూ. చెబితే దెబ్బల కేసు, చెప్పకపోతే హత్య కేసు. కాపాడబోయి మరింత లోతుగా ముంచారు.

కృపారాణి మూడే ప్రశ్నలు అడిగింది. మొదటిది, మొగిలి మామూలుగా నీ ముందు నడుస్తాడా, వెనకా? జ్యోతిర్మయి కళ్లు తుడుచుకుంటూ, ఎప్పుడూ ముందే నడుస్తాడని, గుమ్మం దగ్గర ఆగి తను వచ్చేదాకా నిలబడతాడని, తను దానికి నవ్వేదని చెప్పింది. నవ్వే సంగతి కాదది. ఖైదీని వెనక నడవనివ్వరు. సిబ్బంది కళ్లముందే, రెండడుగుల ముందే నడవాలి. తొమ్మిదేళ్లు అలా నడిచినవాడి కాళ్లు ఇంకోలా నడవవు. నిన్న వచ్చినవాడు మాత్రం వెనక నడిచాడు, కెమెరా సాక్షి.

రెండోది, మెట్లెక్కుతుంటే వాడికి ఆయాసం వచ్చిందా? జ్యోతిర్మయి ఆలోచించింది. వచ్చింది, వెనకనుంచి బుసబుసమని వినబడింది, జ్వరమేమో అనుకుంది. మూడోది, పెనుగులాటలో నీ చెయ్యి వాడి పొట్టకు తగిలిందా?

జ్యోతిర్మయి తన అరచేతి వైపు చూసుకుంది. తగిలింది. మెత్తగా, బస్తాలాగా తగిలింది. అప్పుడే ఏదో టప్‌మని ఊడింది. మొగిలన్నకు పొట్టేది?

"మొగిలన్న కాదు," అంది తనలో తనే. తర్వాత స్వరూప భుజంమీద తలపెట్టి మళ్లీ ఏడ్చింది, కానీ ఇది వేరే ఏడుపు. ప్రాణం దక్కినందుకు కూడా నిన్నటినుంచీ ఆమె ఇలా ఊపిరి పీల్చుకోలేదు.

కానీ చొక్కా మొగిలిదేనని ఆమె మళ్లీ తలెత్తి చెప్పింది. సెమినారుకు వేసుకోవడానికి తనే కుట్టించి ఇచ్చింది, అలాంటిది ఇంకొకటి లేదు. పట్టపగలు మనిషి ఒంటిమీది చొక్కా ఇంకొకడి ఒంటిమీదికి ఎలా పోతుంది?

ఆ ప్రశ్నే కృపారాణినీ పొద్దుటినుంచీ తొలుస్తోంది. మగవాడు ఇష్టం లేకపోయినా చొక్కా విప్పి ఇంకొకడి చేతికి ఇచ్చే చోటు ఊళ్లో ఎక్కడుందా అని వెతికితే ఒక్కటే తేలింది. ఉరేసుకుంటాడని చొక్కా, బెల్టు విప్పించకుండా ఏ స్టేషన్‌లోనూ లాకప్‌లో వెయ్యరు. ఆమె లేచి చెప్పులేసుకుంది. నరేందర్‌కు ఫోను చేసి, అమ్మాయిని తీసుకొస్తున్నా, మేము వచ్చేదాకా మొగిలిని కోర్టుకు కదిలించొద్దని చెప్పింది. సూర్యనారాయణను కూడా స్టేషనుకు రమ్మంది.

జ్యోతిర్మయి స్టేషన్ మెట్లెక్కేసరికి నరేందర్ ఎదురొచ్చాడు. నుదుటి కట్టు చూసి, నీళ్లు తెమ్మని సెంట్రీని కేకేసి, తన కుర్చీలోనే కూర్చోబెట్టాడు. సూర్యనారాయణ ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు. లాకప్‌లో మొగిలి లేచి ఊచలు పట్టుకున్నాడు. గోడ దగ్గర పరుశురాం బేడీలు చేత్తో పట్టుకుని, కోర్టుకు బయల్దేరడానికి తయారై ఉన్నాడు.

"నన్ను కొట్టింది మొగిలన్న కాదు సార్," అంది జ్యోతిర్మయి.

నరేందర్ ముఖం మళ్లీ బిగుసుకుంది. చొక్కా సంగతేందన్నాడు. కృపారాణి అతన్ని లాకప్ దగ్గరికి తీసుకెళ్లి మొగిలి బనీను చూపించింది. చొక్కాకు రెండువైపులా ఇంకిన నెత్తురు లోపలి బనీనుకు చుక్కైనా అంటలేదు. పెయింటు మరకలు పాతవి, బనీను మార్చిందీ కాదు. నెత్తురు పడ్డప్పుడు ఆ చొక్కా ఇతని ఒంటిమీద లేదు. రాత్రి చౌరస్తాలో ఇతని ఒంటిమీద నుంచి మీరే తీశారా అని అడిగింది.

నిన్న పొద్దుటినుంచి రాత్రిదాకా నరేందర్ మంత్రిగారి సభ బందోబస్తులో ఉన్నాడు. వచ్చేసరికి మనిషి లాకప్‌లో ఉన్నాడు, చొక్కా బల్లమీద ఉంది, కాగితాలు రాసి ఉన్నాయి. అరెస్టు చేసినట్టు సంతకం పెట్టాడు. చూడనిదానికి చూశానని పెట్టే సంతకాలు స్టేషన్లలో రోజూ పడుతూనే ఉంటాయి, ఎవరికీ చెయ్యి వణకదు. ఆ మాట ఇంత బారుగా కాదుగానీ నరేందర్ చెప్పాడు, తల వంచుకుని చెప్పాడు.

తర్వాత లాకప్ ఊచల దగ్గరికి పోయి, నిన్ను ఎప్పుడు తెచ్చిన్రు అని మొగిలిని అడిగాడు.

మొగిలి చూపు నరేందర్ భుజం మీదుగా వెనక్కి పోయి, మళ్లీ నేలమీద పడింది. కృపారాణి ఆ చూపు వెంటే తల తిప్పింది. పొద్దున ఈ మనిషి టీ ఎందుకు ముట్టలేదో అప్పుడు అర్థమైంది.

"చెప్పు మొగిలీ," అంది. "ఇయ్యాల చెప్పకపోతే ఇంకెప్పుడు చెప్పవు."

"చెప్తే మా అమ్మ సోమమ్మను గూడ కేసుల పెడ్తనన్నడు." మొగిలి ఊచలు బిగించి పట్టుకున్నాడు. "నిన్న పగటీలి అన్నం యాళ్లకు తార్నాకల పట్టుకొచ్చిన్రు సార్. ఎందుకంటే చెప్పలే. చొక్కా ఇప్పమన్నరు, ఇప్పిన. మూడింటికి జ్యోతమ్మ పిలిచింది, నన్నొదిలిపెట్టున్రి, ఆమె ఎదురుచూస్తదని బతిలాడిన. ఆ మాట నేను అనకున్నా బాగుండు. నా చొక్కా, దస్తీ పట్టుకపోయింది పరుశురాం సారే. పదేండ్ల కింద ఆ ముసలమ్మ పట్టీలు నా ఇంట్ల దొరికినయని పెట్టింది గూడ ఆయనే. అదే నేను జ్యోతమ్మకు రికార్డుల చెప్పిన."

గదిలో అందరూ ఒక్కసారే పరుశురాం వైపు తిరిగారు. యూనిఫాం గుండీలు బొజ్జ దగ్గర బిగిసి ఉన్నాయి. నెల కిందట క్యాంపస్ సెమినారుకు నరేందర్‌కు తోడుగా వచ్చి చివరి వరసలో కూర్చున్న మనిషి ఈయనేనని జ్యోతిర్మయికి గుర్తొచ్చింది. ఆ రోజు ఆమె ఎవరి పేరూ చెప్పకుండానే ఆ పాత కేసు గురించి మాట్లాడింది.

పరుశురాం కంగారుపడలేదు. బేడీలు బల్లమీద పెట్టి, నెమ్మదిగా నరేందర్‌తో అన్నాడు.

"ఆలోచించున్రి సార్. అరెస్టు కాగితం మీద సంతకం మీది. పగటీలి నుంచి రాయకుండ లోపల పెట్టుకున్నరంటే ముందు మీరే పోతరు."

అది నిజమే. కృపారాణికి తెలుసు, నరేందర్‌కు ఇంకా బాగా తెలుసు. ఈ మనిషి ఇప్పుడు ఏమంటాడోనని కృపారాణి అతని వంకే చూసింది. అప్పుడు నరేందర్ సెంట్రీ నడుముకున్న తాళంచెవి తనే తీసుకుని లాకప్ తెరిచాడు. స్టేషన్ రైటర్‌ను పిలిచి, నిన్న మధ్యాహ్నం నుంచి జరిగింది జరిగినట్టు డైరీలో రాయమన్నాడు, తను చూడకుండా సంతకం పెట్టిన సంగతితో సహా. పరుశురాం బెల్టు, ఫోను తీయించి, ఇద్దరు కానిస్టేబుళ్లను చెరోవైపు నిలబెట్టి, పై అధికారికి తనే ఫోను చేశాడు.

మొగిలి బయటికొచ్చి జ్యోతిర్మయి ఎదుట నిలబడ్డాడు. ఆమె తలెత్తి చూడలేకపోయింది.

"నేనే అనుకున్నవా చెల్లె?"

అబద్ధం చెప్పడానికి ఆమెకు మనసు రాలేదు. అనుకున్నానని తలూపింది.

"అనుకుని గూడ చెప్పలే గదా," అన్నాడు మొగిలి. ఆ మాటకు కృపారాణి ముఖం పక్కకు తిప్పుకుని కళ్లజోడు తుడుచుకుంది.

రికార్డరు ఎక్కడుందని నరేందర్ అడిగాడు. నవ్వుకూ ఏడుపుకూ మధ్య ఏదో పరుశురాం పెదవుల మీద కదిలింది.

"నా తాన లేదు సార్. అడిగినోళ్లకు రాత్రే ఇచ్చేసిన. వాళ్ల పేరు నన్ను అడగకున్రి, మీకు గూడ మంచిది కాదు."

పదేళ్ల కిందట ముసలమ్మను చంపిందెవరో, పట్టీలు మొగిలి ఇంట్లో పెట్టమన్నదెవరో ఆ రికార్డుకు భయపడ్డవాళ్లకే తెలియాలి. ఆ ఒక్క ఆధారమూ పోయిందని సూర్యనారాయణ నెత్తి పట్టుకున్నాడు.

"పెట్టె పోతే పోయింది సార్," అన్నాడు మొగిలి. పొద్దున గొంతుక్కూర్చున్న మనిషేనా ఇతను అనిపించింది కృపారాణికి. "మాట నా దగ్గరనే ఉన్నది. మళ్ల చెప్తా. ఆ దినం మా గల్లీకి పరుశురాం సారు ఒక్కడే రాలే, కారుల ఇంకొకాయన వచ్చి కూసున్నడు. ఆయన ముఖం నేను మర్వలే."

పరుశురాం ముఖంలో ఇందాకటిదాకా ఉన్న నిబ్బరం అప్పుడు పోయింది. నరేందర్ ఇంకో కుర్చీ తెచ్చి జ్యోతిర్మయి పక్కన వేసి, కూసొని మొదటికెల్లి చెప్పమన్నాడు. మొగిలి కుర్చీ వైపు ఒకసారి చూసి, నింపాదిగా కూర్చుని, చెప్పడం మొదలుపెట్టాడు.